అరువు వాచీ

సిమెయోన్ బెర్నే నలభై ఆరేళ్ళ పాటు వాచీల మీద గీతలు పోగొట్టాడు. లోరియాన్‌లో పుట్టాడు. జెనీవాకి ఉత్తరాన, కొండల మధ్య లోయలో ఉన్న వాచీల ఊరు అది. అక్కడే బడికి వెళ్ళాడు. పదహారో ఏట కార్ఖానాలో చేరి మెరుగుపెట్టే చక్రం ముందు కూర్చున్నవాడు అరవై రెండో ఏట గాని లేవలేదు. లేచాక కూడా ఊరికే కూర్చోలేక, ఇంటి వెనక కట్టెలు పేర్చుకునే గది ఖాళీ చేసి, చిన్న చక్రం ఒకటి బిగించుకున్నాడు. పెద్ద కార్ఖానాలు పట్టించుకోని పాత వాచీలు అక్కడికి వచ్చేవి. మనిషి పొడుగు, చేతులు మనిషికంటే పొడుగు, మాట మాత్రం పొట్టి.

మెరుగు పెట్టడమంటే లోహాన్ని అరగదీయడమే. గీత పోవాలంటే గీత చుట్టూ ఉన్నది కూడా పోవాలి. వాచీ కేసు అంచు ఒకసారి గుండ్రంగా అయిపోయిందంటే బ్రహ్మ దిగి వచ్చినా మళ్ళీ పదును రాదు. అందుకని తన పనిలో సగం చెయ్యి ఆపుకోవడమేనని అనేవాడు.

ఆ లోయలో తయారయ్యే వాచీలు చాలావరకు పైకి ఏమీ కనపడనివి. తెల్ల బంగారం దూరం నుంచి ఉక్కులా ఉంటుంది. డయల్ మీద మూడు ముళ్ళు, పన్నెండు గీతలు, అంతే. మూత వెనక రెండేళ్ళ పనితనం దాగి ఉంటుంది. కొనేవాళ్ళూ అదే జాతి. జెనీవా పాత కుటుంబాలవాళ్ళు, మోచేతుల దగ్గర అతుకు వేయించిన కోట్లు తొడుక్కుని, రెండో తరగతి రైల్లో వచ్చి, శుభ్రం చెయ్యమని వాచీ ఇచ్చి ఒకే మాట చెప్పి వెళ్ళేవారు. గీతలు ముట్టుకోవద్దు. ఆ గీతల్లో వాళ్ళ తండ్రులు, తాతలు ఉన్నారు. సిమెయోన్‌కి ఆ సంగతి అర్థమయ్యేది. కాని అలాంటివాళ్ళే అందరూ అయితే తను బతికేది ఎలాగని కూడా అనుకునేవాడు.

2009 అక్టోబరులో పాస్కాల్ క్రోజా అనే ఆయన వచ్చాడు. యాభై రెండేళ్ళవాడు. బ్రోయ్ అనే జిల్లా వైపు ఆయనకి కంకర క్వారీలు, లారీలు, సిమెంటు తూముల ఫ్యాక్టరీ ఒకటి ఉన్నాయి. కారు చర్చి దగ్గర వదిలిపెట్టి నడిచి వచ్చాడు. సిమెయోన్ భార్య ఇవెత్ కాఫీ ఇచ్చింది. ఆయన జేబులోంచి ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

అందులో 1958 నాటి వాచీ ఉంది. తెల్ల బంగారం, నాణెమంత మందం. ఎవరో కొనుక్కుని, ఎందుకో ఒక్క రోజు కూడా పెట్టుకోకుండా డబ్బాలోనే ఉంచేశారు. అంచులు నిన్న కోసినట్టున్నాయి. సిమెయోన్ భూతద్దం తీసి చాలాసేపు చూశాడు. అలాంటిది తన చేతిలోకి మళ్ళీ రాదని అతనికి తెలుసు.

"దీనికి గీతలు పెట్టాలండీ," అన్నాడు క్రోజా.

సిమెయోన్ సరిగా వినలేదనుకున్నాడు. "తియ్యాలా?"

"తియ్యడం కాదు, పెట్టాలి. యాభై ఏళ్ళు వాడినట్టుండాలి. మా నాన్నదని చెప్పుకోవాలి నేను."

"మీ నాన్నగారు ఏ వాచీ పెట్టుకునేవారు?"

"ఆయనకి వాచీ ఎక్కడిదండీ? క్వారీ కూత వేస్తే పనికి వెళ్ళేవాడు. మళ్ళీ కూత వేస్తే తినేవాడు."

అప్పుడు క్రోజా అసలు సంగతి చెప్పాడు. కిందటి శీతాకాలం జెనీవా పాతబస్తీలో ఒక ఇంటికి భోజనానికి పిలిచారు. తన వ్యాపారంలో వాళ్ళ డబ్బు కలిసే మాట ఒకటి నడుస్తోంది. మెట్లమీద దీపం లేదు. సూపు పోసిన పళ్ళేలకి అంచులు పెచ్చులూడి ఉన్నాయి. ఈయన చేతికి పెద్ద బంగారు వాచీ. పక్కన కూర్చున్న ఇంటావిడ, ఎనభై ఏళ్ళది, దానివంక చూసి, "ఎంత సౌకర్యమో, బల్ల అవతల వాళ్ళకి కూడా టైము కనపడుతుంది," అంది. తియ్యగానే అంది. ఎవరూ నవ్వలేదు. ఆ మాట ఎక్కడ తగిలిందో క్రోజాకి ఇంటికి తిరిగి వెళ్తూ లోజాన్ ఊరు దాటాక గాని తెలియలేదు. తర్వాత చుట్టూ ఉన్నవాళ్ళ మణికట్లు గుర్తు తెచ్చుకున్నాడు. అన్నీ పల్చటివి, అన్నీ అరిగినవి, సగం చొక్కా కఫ్ కిందే ఉన్నవి. వచ్చే ఏడు శీతాకాలం భోజనానికి అలాంటి చేత్తో వెళ్ళాలని ఆయన పట్టుదల.

పనిముట్లతో గీతలు పెట్టడం ఒక పూట పనేనని సిమెయోన్ చెప్పాడు. కాని తెలిసినవాళ్ళు కనిపెట్టేస్తారు. పనిముట్టు గీత బుద్ధిపూర్వకంగా ఉంటుంది. బతుకు పెట్టే గీత అడ్డదిడ్డంగా ఉంటుంది. ఒకచోట పది పడతాయి, పక్కనే ఒక్కటీ పడదు. వాచీ మీరే చేతికి పెట్టుకోండి, అదే పాతబడుతుంది అన్నాడు. క్రోజా తల అడ్డంగా ఊపాడు. తను పెట్టుకుంటే ఈ ఏడాదంతా కొత్తదిగానే కనపడుతుంది, చూసినవాళ్ళు చూడనే చూస్తారు. ఇంకెవరైనా పెట్టుకోవాలి.

అలా ఆ వాచీ సిమెయోన్ ఎడమ చేతికి వచ్చింది. ఏడాది గడువు. సంగతి ఎవరికీ చెప్పకూడదన్నది ఒక్కటే షరతు. గీతలు పెట్టడానికి అతని దగ్గర ధర ఏమీ లేదు కాబట్టి, తియ్యడానికి తీసుకునేదే అడిగాడు.

క్రోజా వెళ్ళాక ఇవెత్ కప్పులు తీస్తూ, "అరువు సొమ్ము బరువు చేటు," అంది. "పొయ్యేకాలం వస్తే పొయ్యేది నీ పేరే గాని ఆయన పేరు కాదు."

 మర్నాడు సిమెయోన్ ఆ చేత్తోనే కట్టెలు కొట్టడానికి వెళ్ళాడు.

మొదటి గీత పశువుల పాక గడియ దగ్గర పడింది. అది పడ్డప్పుడు అతనికి పన్ను పీకినంత పనైంది. నలభై ఆరేళ్ళ అలవాటు కొద్దీ బొటనవేలితో రుద్దేశాడు కూడా. తర్వాత కంచె తీగలు, మంచు తవ్వే పార, కట్టెల బండి అంచు. డిసెంబరులో అన్న పోతే శవపేటిక మోశాడు. ఇనప పిడి కేసు పక్కన లోతుగా గీసింది. జనవరికల్లా లెక్క మానేశాడు.

ఇంకో సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. వాచీ ఉన్నందుకు సంతోషంగా ఉండేది. చూపించుకోవడంలో కాదు ఆ సంతోషం. దుకాణంలో రొట్టె అందుకునేటప్పుడు కఫ్ కిందికి లాగడంలో ఉండేది. తన దగ్గర ఒకటుంది, అది వీళ్ళకి తెలియదు అన్న ఊహ కోటు లోపలి జేబులో వేడిరాయిలా ఉండేది. జెనీవావాళ్ళు అతుకుల కోట్లలో అంత నిబ్బరంగా ఎలా నడుస్తారో అతనికి అప్పుడు బోధపడింది.

కాని వాళ్ళకి తెలియదనుకోవడం అతని వెర్రి. ఆ లోయలో ప్రతి ఇంట్లో ఒకరైనా వాచీల పనిలో ఉన్నవాళ్ళే. గురువారం స్టేషను పక్క కాఫీ హోటల్లో తెల్ల వైను గ్లాసు ఎత్తాడో లేదో, బల్ల చుట్టూ ఉన్న ముగ్గురికీ అది ఎవరి పనో, ఏ ఏటిదో, ఇవాళ ఎంత పలుకుతుందో తెలిసిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. అక్కడ అలాంటివి అడగరు.

అడగకపోవడంతోనే వచ్చింది చిక్కంతా. అన్న పోయాక వచ్చిన ఆస్తి అని కొందరు అనుకున్నారు. అన్న పోకముందే వాచీ ఉంది కదా అని కొందరు దాన్ని కొట్టేశారు. కార్ఖానాలో ఉన్నప్పుడు ఏవో బంగారం ముక్కలు నొక్కేశాడని ఒకరిద్దరు మెల్లగా అన్నారు. పాస్టరు గారు చర్చి పైకప్పు మరమ్మతు చందా గురించి అతనితో రెండుసార్లు, చాలా మర్యాదగా మాట్లాడారు. అందరికంటే బాధ పెట్టింది ఎలీ మెలాన్. ఇద్దరూ ఒకే బల్ల మీద చదువుకున్నవాళ్ళు, పక్కపక్క ఇళ్ళవాళ్ళు. ఎలీ వాచీలు కూర్చే పనిలో ఆరితేరినవాడు, ఇప్పుడు కొడుకు పెంచే పదిహేను ఆవుల దగ్గర సాయం చేస్తున్నాడు. ఏటా ఫిబ్రవరిలో గాలికి పడ్డ చెట్లు ఇద్దరూ కలిసి కోసి తెచ్చుకునేవారు. ఆ ఏడు ఎలీ ఒక్కడే వెళ్ళాడు. పిలవలేదేమని ఇవెత్ అడిగితే, సిమెయోన్‌కి ఇప్పుడు అలాంటి అవసరాలేముంటాయిలే అని ఊరుకున్నాడట.

సిమెయోన్ ఇచ్చిన మాట తప్పలేదు. వాచీ తీసి డబ్బాలో పెట్టెయ్యనూ లేదు. ఎందుకు పెట్టలేదంటే గడువు ఉందని చెప్పేవాడు. అది పూర్తి నిజం కాదు.

ఏప్రిల్‌లో ఒక శనివారం మధ్యాహ్నం ఎలీ కోడలు పరుగున వచ్చింది. ఆవు ఈనలేకపోతోంది, దూడ కాలు వెనక్కి మడతపడింది, పశువుల డాక్టరు సరస్సు అవతల ఇంకో ఊళ్ళో ఉన్నాడు, మామగారి చెయ్యి అందడం లేదు అంది. సిమెయోన్ చొక్కా విప్పి, రెండు చేతులకీ భుజాల దాకా సబ్బు రాసుకున్నాడు. కాలు ఉన్న వైపు ఎడమ చెయ్యే వెళ్తుంది. పెట్టాడు. ఇరవై నిమిషాలు పట్టింది. దూడ బయటపడి, గడ్డి మీద కూలబడి, తుమ్మింది. అప్పుడు చూశాడు ఎలీ, అతని మణికట్టు వైపు.

అద్దం లోపలంతా పొగ కమ్మినట్టుంది. ముల్లు ఆగిపోయింది.

ఎలీ వాచీ విప్పించి వంటింట్లోకి తీసుకుపోయాడు. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచాడు. కళ్ళజోడు మార్చాడు, పాత పనిముట్ల సంచీ తీశాడు. మూత తెరిచి, చక్రాలు ఒకటొకటే తీసి, కడిగి, ఆరబెట్టి, నూనె వేశాడు. సిమెయోన్ ఇంకా చొక్కా వేసుకోకుండానే పక్కన నిలబడ్డాడు. రెండు గంటలైంది. వాచీ మళ్ళీ నడిచింది. డయల్ మీద ఏడు దగ్గర మాత్రం టీ చుక్కంత గోధుమరంగు మరక మిగిలింది. తుడిస్తే డయల్ మీది గంటల గీతలు కూడా లేచిపోతాయి.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు ఎలీ. "ఎవరిదిరా ఇది?"

సిమెయోన్ చెప్పేశాడు. క్రోజా, క్వారీ, భోజనం, ముసలావిడ, ఏడాది గడువు, అన్నీ. ఎలీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆర్నెల్లుగా నువ్వేదో పెద్దమనిషివై పోయావని నీ ముందు బూతులు కూడా మానేశాంరా మేం. దండగ మర్యాద." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "అడగొచ్చుగా అనుకుంటున్నావేమో. ఎలా అడుగుతారురా అలాంటిది?" అన్నాడు.

"నేనూ అంతేగా," అన్నాడు సిమెయోన్. "పిలవలేదేంరా అని అడిగానా?"

ఎలీ సారా సీసా తీశాడు. కొండమీద మొలిచే మొక్కల వేళ్ళతో కాచిన సారా, నోట్లో పోసుకుంటే మట్టి చేదు. ఇద్దరూ చెరో చిన్న గ్లాసు తాగి, దూడ పాలు తాగిందో లేదో చూడ్డానికి వెళ్ళారు.

అక్టోబరులో క్రోజా వచ్చాడు. సిమెయోన్ ముందు మరక సంగతే చెప్పాడు. నష్టం ఎంతైతే అంత కట్టుకుంటానన్నాడు. ఎంతవుతుందో తలుచుకుంటే ఇల్లు అమ్మాల్సి వస్తుందేమో అనిపించింది. క్రోజా కిటికీ దగ్గరికి వెళ్ళి వాచీని అటూ ఇటూ తిప్పి చూశాడు. గీతలన్నీ వేలితో తడిమాడు. లోతుగా ఉన్నది దేనిదని అడిగాడు. శవపేటిక పిడి అని సిమెయోన్ చెప్పాడు. మరక దేనిదంటే ఆవు ఈనిన సంగతి చెప్పాడు.  క్రోజా నష్టం మాట ఎత్తనేలేదు. అడిగిన కూలి ఇచ్చి, వాచీ పెట్టుకుని, కఫ్ కిందికి లాక్కుని వెళ్ళిపోయాడు. కఫ్ అలా లాగడం ఆయనకి ఎవరూ నేర్పాల్సిన పని లేకపోయింది.

జనవరి చివర మళ్ళీ వచ్చాడు. ఈసారి కారు గుమ్మం దాకా తెచ్చాడు. కూర్చోకుండానే అడిగాడు: "ఆ ఆవు ఏ జాతిదండీ?"

"సిమెంతాల్. ఎందుకు?"

భోజనాల దగ్గర ఆ ముసలావిడ మరక చూసిందట. ఏమిటిదని అడిగిందట. మా నాన్న ఒకసారి దూడని బయటికి లాగాడు, చేతికి వాచీ ఉన్న సంగతే మర్చిపోయాడు అని ఈయన చెప్పాడు. బల్లంతా ఇటు తిరిగింది. అవతల ఒక పెద్దాయన, ఆ ఇంటి డబ్బు వ్యవహారాలన్నీ చూసేవాడు, తన వాచీ విప్పి చేతికిచ్చాడు. 1944లో ఎండుగడ్డి కోసేటప్పుడు ఏదో అయిందట దానికి. తర్వాత అందరూ ఆవుల గురించే మాట్లాడారు. మీ నాన్నగారు ఏ జాతి పెంచేవారని అడిగితే క్రోజా చాలా రకాలు అని చెప్పి తప్పించుకున్నాడు. ఇప్పుడు వాళ్ళు వేసవిలో పొలం చూడ్డానికి వస్తామంటున్నారు.

"పొలం ఉందా మీకు?" అని అడిగింది ఇవెత్.

"కొంటున్నాను," అన్నాడు క్రోజా.

సిమెయోన్ నవ్వలేదు. కోటు వేసుకుని ఆయన్ని ఎలీ పాకకి తీసుకెళ్ళాడు. ఎలీ కొడుకు రెండు పెయ్యలు అమ్మజూపాడు, అందులో ఒకటి ఏప్రిల్‌లో పుట్టినదే. దగ్గరికి వెళ్ళడం ఎలాగో, ఎటువైపు నిలబడాలో, తోక ఎప్పుడు చూసుకోవాలో ఎలీ ఓపిగ్గా చెప్పాడు. క్రోజా మంచి బూట్లు పేడలో పెట్టి నిలబడి, అన్నీ విన్నాడు. తన తండ్రి ఎప్పుడూ ఆవు కొనుక్కోవాలనేవాడని, ఒక్కటి కూడా కొనలేకపోయాడని మధ్యలో ఒకసారి అన్నాడు. అది నిజమో, భోజనాల కోసం తయారు చేసుకుంటున్నదో సిమెయోన్‌కి తెలియలేదు. అడగలేదు కూడా.

ఆ తర్వాత రెండేళ్ళలో మరో ఇద్దరు వచ్చారు, కొత్త వాచీలు పట్టుకుని, కారు చర్చి దగ్గర వదిలి. ఇద్దర్నీ సిమెయోన్ కాఫీ ఇచ్చి పంపేశాడు. 2015లో కుడిచేతి బొటనవేలికి స్పర్శ తగ్గడంతో పని ఆపేసి, చక్రాన్ని పక్కనున్న లె సాంత్యే ఊళ్ళో పనినేర్పే బడికి ఇచ్చేశాడు. ఆ గదిలో మళ్ళీ కట్టెలు చేరాయి. ఫిబ్రవరిలో వాటిని అతను, ఎలీ కలిసే కోసుకొస్తారు. బరువైనవి ఇప్పుడు ఎలీ కొడుకు ఎత్తుతాడు.