ఎక్కడ తగిలిందో అడిగాకే

పొద్దున పండుమిరపకాయలకు తొడిమలు తీస్తుంటే కుడిచేతి చూపుడు వేలు భగ్గుమంది. నిన్న కత్తిపీటమీద కూర తరుగుతూ వేలు కోసుకున్న సంగతే మర్చిపోయాను. గుంటూరులో పుట్టి పెరిగి, తెగిన వేలితో మిరపకాయ ముట్టుకునే తెలివి నాకే ఉండాలి. కుళాయి కింద చెయ్యి పెట్టుకుని నిలబడితే మీరాబీ ఆంటీ మాట గుర్తొచ్చింది. "ఇప్పుడు చెప్పమ్మాయ్, ఆ చేత్తో ఏం చెయ్యలేవు?" ఆవిడ పోయి రెండేళ్లయింది. ఇవాళ మధ్యాహ్నం మా ఇంట్లో ఆట ఉంది. ఒక కొత్తమ్మాయి వస్తానంది. అందుకేనేమో, ఆవిడ పొద్దుటినుంచీ నన్ను వదలడం లేదు.

ఆటంటే, బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథ. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్రై మాట్లాడతారు. కత్తి తగిలిందా, గురి తప్పిందా అన్నది పాచికలు తేలుస్తాయి. కాలేజీ రోజుల్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా మేడమీది గదిలో నలుగురం చేరేవాళ్లం. కథ నడిపేది నేనే, ఆ గొప్ప నాకు కాస్త ఎక్కువగానే ఉండేది. మీరాబీ ఆంటీ మా పక్కింటావిడ. ఆసుపత్రిలో గాయాలకు కట్లు కట్టే గదిలో ఏళ్ల తరబడి నర్సుగా చేసి రిటైరయింది. ఒకరోజు మా గోల భరించలేక తిట్టడానికి మెట్లెక్కి వచ్చింది. సరిగ్గా అప్పుడే నేను, "కత్తి పొట్టలో దిగింది. ఆరు పాయింట్లు పోయాయి. నీ వంతు, లేచి కొట్టు" అంటున్నాను.

"పొట్టలో కత్తి దిగినవాడు లేచి కొడతాడా? ఎక్కడ చూశావమ్మాయ్?" అంది గుమ్మంలోంచే.

"ఆటేనండీ, ఉత్తుత్తిదే."

"ఉత్తుత్తిదైతే పొట్ట దాకా ఎందుకు? గోడకి తగిలిందని చెప్పుకోండి."

తిట్టడానికి వచ్చిన మనిషి రెండు గంటలు కూర్చుంది. మరుసటి ఆదివారం కారప్పూస డబ్బాతో వచ్చి, తనకూ ఒక పాత్ర కావాలంది. ఊరూరా తిరిగి వైద్యం చేసే ఒక ఆడమనిషిని ఎంచుకుంది. ఎవరొచ్చినా కట్టు కడతానన్నది ఆ మనిషి ఒట్టు. నేను ఊరుకుంటానా? ఆ వైద్యురాలి ఊరిని తగలబెట్టిన దొంగనే తొడమీద గాయంతో ఆవిడ గుడిసె ముందు పడేశాను. "చంపెయ్ ఆంటీ!" అని మావాళ్లంతా ఒకటే కేకలు. ఆవిడ పాచికను పక్కకు నెట్టింది. "కట్టు కడతాను. కట్టేటప్పుడు నా చేతులు వణుకుతాయి. కొంచెం గట్టిగానే బిగిస్తాను. అది వాడికి తెలుస్తుంది" అంది. ఒక మనిషికి ఒకేసారి రెండు కోరికలుంటాయని, చేతులు మాత్రం రెండే ఉంటాయని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాత నాకు పూనకం పట్టినట్టయింది. గాయం అంటే నెత్తురు కాదు, మర్నాడు ఆగిపోయే పని అని ఆంటీ చెప్పేది. విరిగిన భుజంతో చొక్కా ఎలా తొడుక్కుంటారో, బెణికిన కాలితో మెట్లెలా దిగుతారో అడిగి రాసుకునేదాన్ని. నిజంలా ఉండాలి, నిజంలా ఉండాలి, అదొక్కటే ధ్యాస. ఆ ఊపులోనే ఒక ఆదివారం మా వెంకట్ ఆడే సైనికుడి చెయ్యి ఒక మృగం నోట్లో ఇరికించాను. "జిన్నింగు మిల్లు రోలర్లు పత్తిని లాక్కున్నట్టు వేళ్లు లోపలికి పోతున్నాయి" అని మొదలుపెట్టి, ఎముక చప్పుడు, సైనికుడి అరుపు దాకా వర్ణించాను. వెంకట్ లేచి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. వాళ్లన్నయ్య చిలకలూరిపేట వైపు ఒక పత్తి మిల్లులో మూడు వేళ్లు పోగొట్టుకున్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసుండీ, మాట బాగా కుదిరిందని వాడేశాను. దీనికి నా దగ్గర సాకేమీ లేదు.

"నువ్వే కదా ఆంటీ నిజంలా చెప్పమన్నావు" అని ఏడిచాను.

"నిజంలా చెప్పమన్నాను. అడక్కుండా చెప్పమన్నానా? కట్టు విప్పేముందు నేను ఎవరినైనా ఎక్కడ నొప్పి అని అడిగేదాన్ని. నువ్వు అడిగావా?" అంది ఆంటీ. ఓదార్చలేదు. "వెళ్లి వాణ్ని తీసుకురా. రానంటే మళ్లీ వెళ్లు."

వాడు ఉండే గదికి వెళ్లాను. మొదటిసారి తలుపే తియ్యలేదు. రెండోసారి తలుపు తీసి, నన్ను చూసి మళ్లీ వేసేశాడు. మూడోసారి టీకొట్టు దగ్గర దొరికాడు. "నువ్వు తప్పుగా చెప్పావు. వేళ్లు పోయేటప్పుడు అన్నయ్య అరవలేదు. అన్నం ఇవ్వడానికెళ్లి పక్కనే నిలబడ్డాను. మిషన్ ఆపింది నేనే, ఆలస్యంగా" అన్నాడు. ఆ ప్రమాదం జరిగాక వాళ్లన్నయ్య మొహం చూడలేక వెంకట్ ఇంటికి పోవడమే మానేశాడట. నేను తప్పయిందన్నాను. వాడు గ్లాసు దించి, "ఆ కథ అక్కడినుంచే మళ్లీ మొదలుపెట్టు. ఈసారి ఇరుక్కునే చెయ్యి నాది కాదు" అన్నాడు.

"నాది పెట్టండి" అంది ఆంటీ ఆ ఆదివారం. వైద్యురాలి చెయ్యి మృగం నోట్లో ఉంది. కత్తి వెంకట్ సైనికుడి దగ్గరుంది. పాచిక వేశాడు. రెండు పడింది. అంటే కత్తి దిగేసరికి ఆలస్యమైనట్టు, ఆవిడ వేళ్లు పోయినట్టు. ఆ పాచికను తిప్పేసి ఆరు చేద్దామని నిజంగా చెయ్యి చాపాను. ఆంటీ నా మణికట్టు పట్టుకుంది. అప్పుడు అడిగాను, "వెంకట్, నీ సైనికుడికి ఎక్కడ తగిలింది?"

ఎంతసేపటికీ పలకలేదు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను, నా జీవితంలో అంత కష్టమైన పని చెయ్యలేదు.

"తగల్లేదు. ఒంటిమీద గీత కూడా లేదు. అందుకే ఆవిడ ముందుకు రాలేకపోతున్నాడు" అన్నాడు చివరికి.

ఆంటీ తన కుడిచెయ్యి బల్లమీద పెట్టింది. "చెయ్యి ఇక్కడే ఉంది కదయ్యా. రా, కట్టు కట్టు."

వెంకట్ జేబులోంచి రుమాలు తీసి ఆవిడ వేళ్లకు చుట్టాడు. ముడి జారిపోయింది. "అంత వదులుగా కాదు. నాకేం కాదులే, బిగించు" అంటూ ఆవిడే దగ్గరుండి కట్టించుకుంది. సాయంత్రం వాడు చిలకలూరిపేట బస్సెక్కి వాళ్లన్నయ్య దగ్గరికి వెళ్లాడు. వాడు బయల్దేరేలోపు మా అమ్మ టీ తెచ్చింది. ఆంటీ రుమాలు విప్పకుండా, ఎడమచేత్తో, కొంగుమీద ఒలకబోసుకుంటూ తాగింది.

కొత్తమ్మాయికి ఏ గాయముందో నాకు తెలియదు. ఇవాళ ఆమె పాత్రకు దెబ్బ తగిలితే నేను వర్ణించను. ఎక్కడ తగిలిందని అడుగుతాను. జవాబు రావడానికి సాయంత్రమైనా సరే, పాచిక ముట్టుకోకుండా కూర్చుంటాను. వేలికి గుడ్డ చుట్టుకుని మిగతా మిరపకాయలు ఎడమచేత్తో మొదలుపెట్టాను.