గాడిదపిల్ల నోట్లో గడ్డిపరక

ఎదుటివాళ్ల ముఖం ఎలా ఉంటే తన ముఖం అలా పెట్టేయడం మాస్టారి జబ్బు. కావాలని కాదు, ఆపుకోలేక. పన్ను నొప్పితో గిలగిల్లాడుతున్న భార్యని ఆసుపత్రికి తీసుకెళ్లి, పక్కన కూర్చుని ఆవిడకంటే ఘోరమైన ముఖం పెట్టారట. డాక్టరు ముందు ఆయన్నే కుర్చీ ఎక్కించాడు. పన్ను ఊడొచ్చాక గానీ పేషెంటు ఎవరో తేలలేదు.

దీనివల్ల అందరికంటే అవస్థ పడ్డది ఆయన ఆఫీసు మేనేజరు. పిల్లల బొమ్మల సినిమాలు తీసే ఆఫీసది. చీవాట్లు పెడదామని పిలిస్తే, తన కోపమే ఎదురుగా కూర్చుని తనని ఉరిమి చూసేది. ‘నేను ఇంత దరిద్రంగా ఉంటానా!’ అని సగంలోనే చల్లబడేవాడు. పదకొండేళ్ల సర్వీసులో మాస్టారు ఒక్కసారి కూడా పూర్తి చీవాట్లు తినలేదు.

అక్కడ బొమ్మల ముఖాలు ఆడించేది కంప్యూటరే. మనిషి కెమెరా ముందు కూర్చుని డైలాగు చెబితే చాలు, ఆ ముఖం చూసి, సినిమాలో హీరో అయిన గాడిదపిల్ల ముఖాన్ని తనే అలా కదిలించేస్తుంది. నవ్వు ఎక్కడైనా తేడాగా తోస్తే ఎర్ర గీత పెడుతుంది. ఆ గీతలు సరిచేయడం మాస్టారి ఉద్యోగం. ప్రతి నవ్వూ తన ముఖానికి తగిలించుకుని, చేతి అద్దంలో చూసుకుంటే తప్ప వదిలేవారు కాదు.

గాడిదపిల్లకి మాటా ముఖమూ ఇచ్చేది పిన్ని. ఆఫీసంతటికీ పిన్నే. జబ్బు చేసి నెల తర్వాత తిరిగొచ్చేసరికి ఆవిడ ముఖంలో కుడి సగం కదలడం మానేసింది. గొంతు చెక్కుచెదరలేదు గానీ, నవ్వితే మూతి ఎడమకే పోయేది. కెమెరా ముందు తప్ప ముఖం మీంచి స్కార్ఫు దించేది కాదు. మొదటి రోజే తెర నిండా ఎర్ర గీతలు.

“నాకు మాత్రం సరదానా మాస్టారూ? ఇన్ని గీతలు ఎప్పటికి సరిచేస్తాం? వేరే అమ్మాయిని పెడదాం. పిన్నికి నేనే చెబుతాను” అన్నాడు మేనేజరు.

మాస్టారు అలవాటు ప్రకారం మేనేజరు ముఖమే పెట్టారు. అది చాలా బాధపడుతున్న ముఖం. మేనేజరుకి చూడబుద్ధి కాలేదు.

“రెండు వారాలు ఆగండి సార్.”

“సరే, ఆ తర్వాత ఒక్క రోజు కూడా ఆగను.”

మర్నాటి నుంచి మాస్టారి మూతి ఎడమకి తిరిగింది. లిఫ్టులో ఎడమకే, క్యాంటీన్లో ఎడమకే. పిన్ని అది చూసి స్కార్ఫు ఇంకా బిగించుకుంది. మేనేజరుకి ఒళ్లు మండిపోయింది.

“ఇదేం బుద్ధి మాస్టారూ? ఆవిడ చూస్తోంది!”

“పనిలో ఉన్నాను సార్” అన్నారు మాస్టారు, వంకర మూతితోనే.

ఆ సాయంత్రం మాస్టారి భార్య మేనేజరుకి ఫోన్ చేసింది. “అన్నయ్యగారూ, మా ఆయన మూతి పక్కకి పోయింది. డాక్టరేమో ఏమీ లేదంటున్నాడు. పైగా ఇంట్లో చీపురు సగమైపోయింది! మీరు అసలేం పని చేయిస్తున్నారు?”

చీపురు సంగతి మేనేజరుకి అంతుపట్టలేదు.

గడువు చివరి రోజు అందరినీ కూర్చోబెట్టి కొత్త భాగం వేశారు. గాడిదపిల్ల నోటి కుడి మూల ఒక గడ్డిపరక! అది జారిపోకుండా కరిచి పట్టుకుని, ఎడమవైపు నుంచే నవ్వింది, అలిగింది, పాడింది. అచ్చం పిన్నే. ఎర్ర గీత ఒక్కటంటే ఒక్కటి లేదు. చీపురు పుల్లలు కుడి పళ్ల మధ్య కరిచి వందల నవ్వులు నవ్వి, ఇకమీదట గాడిద నవ్వంటే ఇదేనని కంప్యూటరుకి నేర్పింది మాస్టారే.

“ఈ గాడిద నోట్లోకి గడ్డి ఎప్పుడొచ్చింది?” అన్నాడు మేనేజరు.

“ఆకలేసినట్టుంది సార్.”

“ఎన్నాళ్లు నములుతుంది?”

“పిన్ని మాట్లాడినన్నాళ్లూ.”

వెనక కుర్చీలో పిన్ని స్కార్ఫు తీసి ఒళ్లో పెట్టుకుంది. “వెక్కిరిస్తున్నారనుకుని రెండు వారాలుగా మిమ్మల్ని కడుపారా తిట్టుకున్నాను మాస్టారూ!” అంటూ అందరి ముందూ నవ్వింది. మాస్టారి మూతి వెంటనే ఎడమకి పోయింది.

మేనేజరు పెద్దమనిషి తరహాగా ఉండాలనే చూశాడు. ఇంతలో తెర ఆరిపోయి, ఆ నల్లటి అద్దంలో తన ముఖం కనబడింది. ఆ మూతి కూడా ఎడమకే ఉంది.