ఎండుచేపల వరసలో ఎలుకల మందు

నర్సీపట్నంలో వార్డు శానిటేషన్ సెక్రటరీగా చేరిన కొత్తలో నాకు అప్పగించిన పని, ఎలుకల మందుకు కాపలా కాయడం. మార్కెట్లో కొట్ల వరసల వెంట కాలువ గట్టున నల్లటి ప్లాస్టిక్ పెట్టెలు బిగించి, వాటిలో నీలంరంగు మందు బిళ్ళలు పెట్టాం. రోజూ పొద్దున్నే తాళాలు తీసి, ఎలుకలు బిళ్ళ కొరికాయో లేదో చూడాలి. చచ్చిన ఎలుక కనిపిస్తే వెంటనే పూడ్పించాలి. మందు తిన్న ఎలుక అప్పటికప్పుడు చావదు, నీరసంగా కొన్నాళ్ళు తిరుగుతుంది. దాన్ని తిన్న పిల్లికీ గుడ్లగూబకీ కూడా ముప్పే. అందుకే ఈ కాపలా.

అన్ని వరసల్లోనూ బిళ్ళలు తరుగుతున్నాయి. ఎండుచేపల వరసలో మాత్రం బిళ్ళమీద పంటిగాటు లేదు. మా శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారు దేనికైనా కారణం చెప్పకుండా ఉండలేరు.

"ఇక్కడి ఎలుకలు ఎండు నెత్తళ్ళు మరిగాయమ్మా. మన బిళ్ళ వాటికి ఎక్కడ ఆనుతుంది?" అన్నారు.

నేను నమ్మాను. ఆయన చెప్పే తీరు అలాంటిది.

ఒకరోజు కాస్త ముందుగా వెళ్ళాను. ఎండుచేపలు అమ్మే ఆవిడ, మార్కెట్లో అందరికీ పిన్ని, ఒక పెట్టె ముందు గొంతుక్కూర్చుని, ఎలుక దూరే కన్నంలోంచి గోనెగుడ్డ ఉండ లాగుతోంది.

"ఏం చేస్తున్నావు పిన్నీ?"

"కనబడతంది కదా! పొద్దుగూకితే పెడతాను, మీరొచ్చే ఏలకి తీసెత్తాను."

"ఎందుకూ?"

"నా పిల్లి సూలుతో ఉంది తల్లీ. మందు తిన్న ఎలకని అది తింటేనో? మీ ఆటోలోనే మైకెట్టి సెప్పారు, పిల్లుల్ని జాగర్త సేసుకోండని. సేసుకుంటన్నాను. అదీ తప్పేనేటి?"

అంతలో ఇన్‌స్పెక్టర్ గారు స్కూటర్ దిగారు. సంగతి విని మండిపడ్డారు.

"గవర్నమెంటు పెట్టెలకి గోనెగుడ్డలు కుక్కుతావా? తాళం ఇలా ఇవ్వండమ్మా, నేనే చూస్తాను," అంటూ, పిన్ని ఇంకా గుడ్డ తీయని పక్క పెట్టె ముందు వంగి మూత ఎత్తారు.

గుడ్డ కుక్కకముందే దూరి రాత్రంతా లోపల చిక్కుకున్న ఎలుక ఆయన చేతిమీదుగా భుజమెక్కి అవతలికి దూకింది. ఆయన చింతపండు బస్తామీద ఉన్నారు. ఎప్పుడెక్కారో నేను చూడలేదు. గోనెసంచుల మీద పడుకున్న పిన్ని పిల్లి మాత్రం చూడాల్సింది చూసింది. నిండు పొట్టతోనే ఒక్క ఉరుకు ఉరికి ఎలుకను కరుచుకుంది.

పెట్టెలోకి చూశాను. బిళ్ళ ఒక మూల కొరికి ఉంది.

"తినేసింది! మందు తినేసింది!" అని పిన్ని గుండె బాదుకుంది.

"పట్టండి! మింగనివ్వకండి!" అంటూ బస్తామీద నుంచి దూకి ముందుగా పరిగెత్తింది ఇన్‌స్పెక్టర్ గారే. ఉల్లిపాయల గుట్టల మధ్య నుంచి, అరటిగెలల కింద నుంచి పిల్లి, దాని వెనక ఆయన, ఆయన వెనక నేను. పిల్లి తమలపాకుల కొట్టు బల్లకింద దూరింది. ఆయన ఇస్త్రీ ప్యాంటుతో నేలమీద బోర్లా పడుకుని, "మా తల్లివి కదూ, వదిలెయ్యమ్మా," అని బతిమాలారు. ఆఫీసులో మాతో ఎన్నడూ అంత మెత్తగా మాట్లాడి ఎరగరు.

పిన్ని వగరుస్తూ వచ్చింది. చేతిలో ఎండు వంజరం ముక్క. బేరానికొచ్చిన వాళ్ళని ముట్టుకోనివ్వని సరుకది.

"రాయే నా బంగారం," అంటూ బల్లకిందకు చాపింది. పిల్లి కాసేపు ఆలోచించి, ఎలుకను వదిలి చేపను అందుకుంది. చేతికి తొడుగు ఉంది కాబట్టి, అప్పటికే చచ్చిన ఆ ఎలుకను తోకపట్టి ఇవతలికి లాగాను.

పిల్లినీ పిన్నినీ స్కూటర్ మీద ఎక్కించుకుని ఇన్‌స్పెక్టర్ గారే పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళారు. ఏమీ మింగినట్టు లేదనీ, కొన్నాళ్ళు కనిపెట్టి ఉండమనీ డాక్టరు చెప్పారట. తిరిగొచ్చాక ఇన్‌స్పెక్టర్ గారు ఆ వరసలో మందు పెట్టెలు తీయించి బోనులు పెట్టించారు. వాటిలో ఎరకి నెత్తళ్ళు పిన్నే ఇస్తానంది. పిల్లి కూడా గోనెసంచుల మీద క్షేమంగా ఈనింది.

ఇప్పుడు నేను కాస్త ఆలస్యంగా వెళ్తే చాలు, పిన్ని నిలదీస్తుంది.

"ఏటమ్మా, ఇప్పుడా రావడం? బోన్లో ఎలక కాసుకుని ఉంది. మీ సారేరీ? బేగి రమ్మని సెప్పు!"

సారూ వస్తారు. బోనుకి బారెడు దూరంలో నిలబడి, ఎలుకల స్వభావం గురించి మా ఇద్దరికీ వివరంగా చెబుతారు.