వాన పడితే కిటికీ తెరిచే సార్

సార్ పోయారని ఆయన భార్య, మా మేడమ్, ఫోన్ చేసినప్పుడు పటాన్‌చెరులో వాన మొదలైంది. ఫోన్ పెట్టేసి లేచి వెళ్లి కిటికీ తెరిచాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

అది ఆయన దగ్గర అంటిన అలవాటు. చినుకు పడగానే ఆఫీసులో అందరూ కిటికీలు మూసేవాళ్లు, ఆయన మాత్రం తెరిచేవారు. ఇక్కడ కొన్ని ఫ్యాక్టరీలు మురికినీళ్లు పట్టి ఉంచి, వానకోసం కాచుకుని, వాగు ఉరకగానే అందులోకి వదిలేస్తాయి. సార్ గాలి పీల్చి ఆ వాసన పట్టి, "షురూ చేసిండ్రు బిడ్డా. రైతు కంటె వీళ్లే ఎక్కువ ఎదురు సూస్తరు వానకు" అనేవారు.

సార్ పుట్టింది ఆ వాగు పక్క ఊరు కర్దనూర్‌లో. సంగారెడ్డిలో నాకు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక మంజీర నీళ్ల ప్రాజెక్టులో చేరి, నన్నూ పిలిపించుకున్నారు. మా దగ్గర మూడు కంప్యూటర్ మోడళ్లుండేవి. వానకు వాగులోకి ఎంత నీరొస్తుందో ఒకటి చెబుతుంది. ఆ నీటిలో మురికి ఎంత దూరం పోతుందో రెండోది, బావుల్లోకి ఎంత ఇంకుతుందో మూడోది. విడివిడిగా నడిపితే ఎవరి తప్పూ కనబడదు. "మాటల్లేని అన్నదమ్ముల్లెక్క ఉన్నయి. కూసోబెట్టి మాట్లాడియ్యాలె" అంటూ, చాయ్ సాసర్‌లో పోసుకుని తాగుతూ, సార్ ఆ మూడింటినీ కలిపారు. ఒకటి చెప్పింది ఇంకొకటి గంటగంటకూ వినేలా కట్టారు.

అవి మాట్లాడుకున్నాయి. వాన పడిన గంటల్లోనే విషం ఎక్కడ బయల్దేరిందో, ఏ బావుల దాకా పోయిందో ఎర్రగా తెరమీద కనిపించింది.

"గంటల లెక్క ఎందుకండీ, నెల సగటు పెట్టండి" అన్నాడు ప్రాజెక్టు కమిటీ అధ్యక్షుడు. సగటు తీస్తే ఆ కొన్ని గంటల విషం నెలంతా పరుచుకుని పలచబడిపోతుంది, అంతా హద్దులోనే ఉన్నట్టు తేలుతుంది. ఆ సంగతి ఆయనకు మాకన్నా బాగా తెలుసు.

"చేప నెలకొక్కసారే ఊపిరి తీస్కుంటదా సార్?" అని అడిగారు మా సార్. అందరూ నవ్వారు. అధ్యక్షుడూ నవ్వాడు. నవ్వి, నెల సగటుతోనే రిపోర్టు వేయించాడు, కింద మా సార్ పేరుతో. పేరు తీసేయమని సార్ ఎంత మొత్తుకున్నా, ప్రింటయిపోయిందన్నారు.

ఆ తర్వాత నేను ఆయనతో కర్దనూర్ వెళ్లాను. వాళ్ల వదిన గడపలోనే చెంబుతో నీళ్లు అందించింది. "వాగు సాఫ్‌గున్నదని రాసినవంట గదా మరిదీ. మా బోరునీళ్లే ఇవి, జెర తాగు."

సార్ ఆ చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. తాగలేకపోయారు, కింద పెట్టలేకపోయారు. మళ్లీ ఆ ఊరు పోలేదు. "ఇగ ఏ మొకం పెట్టుకుని పోవాలె బిడ్డా" అనేవారు. ఆయనకు నేను చాలా రుణపడి ఉన్నాను. ఆ అధ్యక్షుడిని మాత్రం క్షమించను. పోయినవాళ్ల పేరుమీద పగ పెట్టుకోవద్దని పెద్దలు చెప్పారు, విన్నాను, ఒప్పుకోలేదు.

సంతాప సభ పెట్టింది ఆ అధ్యక్షుడే. మీటింగ్ హాల్లో సార్ ఫొటోకి దండ వేసి, "ఆయన చివరి రిపోర్టే మనకు దారి" అన్నాడు. కర్దనూర్ వాళ్లతో వచ్చి వెనక కుర్చీలో కూర్చున్న సార్ వదిన తల దించుకుంది. ప్రొజెక్టర్‌తో తెరమీద సార్ ఫొటోలు చూపించే పని నాకు అప్పజెప్పారు. నేను మేడమ్ దగ్గరికి వెళ్లి, ఫొటోలకు బదులు ఏం చూపించాలనుకుంటున్నానో చెవిలో చెప్పాను.

"నడిపియ్యి బిడ్డా. ఫొటోలు ఇంట్ల ఉన్నయి తియ్" అన్నారామె.

ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. ఇది మా సార్ కట్టిన లెక్క అనీ, రిపోర్టులో ఉన్నది ఆయనది కాదనీ మైకులో చెప్పి, మూడు మోడళ్లనూ గంటల లెక్కతో నడిపాను. తెరమీద వాన పడింది, వాగు నిండింది, ఫ్యాక్టరీల వైపు నుంచి ఎరుపు కదిలింది. ఒక్కొక్క ఊరి బావులు ఎర్రబడుతుంటే వెనక కుర్చీల్లో జనం లేచి నిలబడ్డారు. "గిది మా మరిది రాసింది!" అని వదిన గట్టిగా అరిచింది.

"ఆపండి, ఫొటోలేవి?" అంటూ అధ్యక్షుడు చేతులు చాపి తెరకు అడ్డం వచ్చాడు. నేను ఆపలేదు. వాగు అంతా ఆయన తెల్లచొక్కా మీద ఎర్రగా పారుతూనే ఉంది.