పెన్సిల్‌తో వేసిన గ్రేడు

1999లో నేను సింగపూర్‌లోని ఒక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్బులో అసిస్టెంట్ కోచ్‌ని. అది అక్కడ నా మూడో ఏడాది. కొత్తగా వచ్చిన ఆటగాళ్లను అంచనా వేసి హెడ్ కోచ్‌కు నివేదిక ఇవ్వడం నా పనుల్లో ముఖ్యమైనది. ఆ ఏడాది ఆరుగురు వచ్చారు. సీజన్ మొదలయ్యేలోగా ప్రాక్టీసు మ్యాచుల్లో వాళ్లను చూసి నలుగురికి పూర్తి కాంట్రాక్టు ఇస్తారు, ఇద్దరిని పంపేస్తారు.

ఒక్కొక్కరికీ ఒక కార్డు ఉండేది. బంతిని అదుపు చేయడం, పాస్, మైదానంలో నిలబడే చోటు, పరుగు, నిబ్బరం, వీటికి ఏ నుంచి డి దాకా గ్రేడ్లు వేసి, చివర మొత్తం మీద ఒక గ్రేడు వేయాలి. డెబ్బయ్యో నిమిషం దాటేదాకా నేను కార్డు బయటికి తీసేవాణ్ణి కాదు. అలసిపోయాకే ఆటగాడి అసలు రంగు తెలుస్తుంది. మ్యాచ్ దగ్గర పెన్సిల్‌తో వేసి, సమీక్షకు ముందు రోజు ఇంకుతో దిద్దడం మా పద్ధతి.

ఆ ఆరుగురిలో ఫరీద్ అనే రైట్ బ్యాక్, అంటే వెనక కుడివైపు కాపు కాసేవాడు, ఉన్నాడు. సెంబవాంగ్ కుర్రాడు. తండ్రి ఓడల మరమ్మతు పనిలో ఉండేవాడు. ఫరీద్ పెద్దగా పరిగెత్తినట్టు కనిపించడు, కానీ బంతి ఎక్కడికి రాబోతుందో అక్కడ ముందే ఉంటాడు. రెండో మ్యాచ్‌కే అతనికి ఏ వేశాను. ఎవరికీ చెప్పలేదు.

అప్పుడే సురేష్ దిగాడు. గుంటూరు అబ్బాయి, కంప్యూటర్స్ చదివి టోవా పాయోలో గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. ఐటీ మంచి జోరు మీదున్న రోజులు. కంప్యూటర్ అన్న మాట వినబడితే చాలు, మా క్లబ్బు కమిటీ కుర్చీ వేసి కూర్చోబెట్టేది. అతను మ్యాచ్ టేపులు ఆపి ఆపి చూసి, ప్రతి పాసూ లెక్కపెట్టి, ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, ర్యాంకుల కాగితం తీసేవాడు.

అంతకుముందు మ్యాచ్ అవగానే హెడ్ కోచ్ నా వైపు తిరిగేవాడు. ఇప్పుడు ఆ కాగితం వైపు తిరుగుతున్నాడు. జన్మలో బంతి తన్నని వాడికి నా చోటు దక్కిందని కడుపు మండిపోయింది. పైగా నలభై ఆరేళ్ల నన్ను అంకుల్ అనేవాడు. పొద్దున్నే మేం టిఫిన్ తినే బెడోక్ హాకర్ సెంటర్‌లో, అక్కడి అలవాటు ప్రకారం టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి నాకో సీటు చోప్ చేసి, అంటే ముందే పట్టి ఉంచేవాడు. ఆ మర్యాదా నాకు గిట్టేది కాదు. ఆదివారం భోజనానికొస్తే మా ఆవిడ అతనికి మారు వడ్డించడం కూడా ఓర్చుకోలేకపోయాను.

సమీక్షకు ముందు రోజు నేను కార్డులు ముందేసుకుని కూర్చుంటే సురేష్ కాగితం పట్టుకొచ్చాడు.

"అంకుల్, టాప్‌లో ఎవరొచ్చారో చూడండి. ఫరీద్! నేనస్సలు ఎక్స్‌పెక్ట్ చేయలేదండీ. మీరేమంటారు?"

నేనూ అదే అనుకున్నానని చెబితే సరిపోయేది. కానీ రేపు నేను ఏ అంటే, కంప్యూటర్‌కు తలూపుతున్నానని అనుకుంటారు. చూద్దాంలే అన్నాను. అతను వెళ్లాక రబ్బరు తీసుకుని ఆ ఏ చెరిపేశాను. కోడిగుడ్డు మీద ఈకలు పీకి, పరుగు తక్కువ, బద్ధకం అని రాసి, సి వేసి ఇంకుతో దిద్దాను.

మర్నాడు హెడ్ కోచ్ మా ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. పెద్ద తేడా ఫరీద్ దగ్గరే వచ్చింది. నీకు ఖాయమేనా అని నన్నడిగాడు. ఖాయమే అన్నాను. మెషిన్‌కు కళ్లు లేవు, నీ మాటే తీసుకుంటాను అన్నాడు. ఆ మాట కోసం నెల రోజులుగా మొహం వాచి ఉన్నాను. సంతోషమే వేసింది, దాచను.

పంపేసే ఇద్దరిలో ఫరీద్ పేరు చేరింది. సాయంత్రం అతను వచ్చి చేయి కలిపి, తను ఏం సరిచేసుకోవాలో చెప్పమని అడిగాడు. ఇంకాస్త పరిగెత్తాలి అన్నాను.

మరుసటి పొద్దున కూడా సురేష్ నాకు సీటు పట్టి ఉంచాడు. మొహం వాడిపోయి ఉంది.

"నా ఫార్ములా ఎక్కడో తప్పింది అంకుల్. మీ పాత కార్డులు రెండేళ్లవీ ఆఫీసులో తీసుకుని, మీరు దేనికి ఎంత వెయిటేజీ ఇస్తారో చూసి, అలాగే కట్టానండీ. మీరెప్పుడూ రన్నింగ్ కన్నా పొజిషన్‌కే ఎక్కువ ఇస్తారు కదా! మరి ఫరీద్ దగ్గరే ఎందుకు తేడా కొట్టిందో అర్థం కావట్లేదు."

అంటే నెల రోజులుగా నేను కుళ్లుకున్నది ఆ కాగితంలో ఉన్న నా కళ్లను చూసే. కాంట్రాక్టుల మీద సంతకాలకు ఇంకా రెండు రోజులున్నాయి. అప్పుడైనా నోరు విప్పవచ్చు. కాఫీ తాగి లేచాను. సురేష్ తన ఫార్ములాలో పరుగుకు విలువ పెంచుకున్నాడు. ఫరీద్, తండ్రితో పాటు ఓడల పనికి వెళ్తున్నాడని తర్వాత విన్నాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా మొదటి గ్రేడు ఇంకుతోనే వేశాను. మార్చాల్సి వస్తే పాతది కనబడేలా కొట్టేసి, పక్కన కారణం రాసి సంతకం పెట్టేవాణ్ణి. కారణం రాయలేనప్పుడు గ్రేడు మార్చకూడదు. ఈ పనిలో నేను నేర్చుకున్నది అంతే. ఫరీద్ కార్డు మీద కారణం రాయాల్సి వచ్చి ఉంటే, సురేష్ పేరు తప్ప రాయడానికి నాకేమీ ఉండేది కాదు.