ఆగి చదవమన్న హమీదా ఖాలా

నేను తెలుగు పాఠాలు చెప్పే రామచంద్రపురం కాలేజీ పక్కింట్లో గురువారం సాయంత్రాలు సాంబ్రాణి వేస్తారు. నిప్పుల మీద కాలే కొబ్బరిపీచు పొగతో కలిసి ఆ వాసన మా తరగతి గదిలోకి వచ్చినప్పుడల్లా రాజోలు దగ్గరి మా సాయిబుల వీధి, ఆ వీధి చివరి పెంకుటింట్లో ఉండే హమీదా ఖాలా గుర్తుకొస్తారు. ఖాలా అంటే పిన్ని. ఆవిడ మాకు చుట్టమేమీ కాదు, మసీదులో నమాజు చదివించే హజ్రత్‌గారి భార్య. మా వీధి ఆడపిల్లలందరికీ అరబ్బీ అక్షరాలు దిద్దించి, ఖురాన్ చదవడం నేర్పింది ఆవిడే.

చిన్నప్పుడు నాకు బాగా నత్తి ఉండేది. రజియా అన్న నా పేరు నేనే చెప్పలేకపోయేదాన్ని. ఐదో తరగతిలో ఒకరోజు పాఠం చదవమంటే మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. తరగతంతా పగలబడి నవ్వింది. మర్నాటి నుంచి బడికి వెళ్లనన్నాను. అబ్బా కసిరినా, అమ్మ బతిమాలినా కదల్లేదు. చివరికి అమ్మ నన్ను ఖాలా దగ్గరికి తీసుకెళ్లింది.

“బడి మానేసి కూర్చుందండీ. మీరైనా కాస్త చెప్పండి.”

“ఆయ్, అలాగేనమ్మా. ఇక్కడికైతే వస్తుంది కదా, రానివ్వండి,” అన్నారు ఖాలా. బడి ఊసు మాత్రం ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఆవిడ వసారాలో చాప మీద నా వంతు వచ్చింది. చదువుతూ ఒక మాట దగ్గర ఇరుక్కుపోయి, భయంగా చుట్టూ చూశాను. ఎవరూ నవ్వలేదు. ఖురాన్ చదివేవాళ్ల ముందు నవ్వడం, అడ్డు మాట్లాడడం మా వీధి పిల్లలకు అసలు అలవాటే లేదు. ఖాలా కూడా ఆ మాట అందించలేదు. నేను మళ్లీ తడబడితే, పేజీలో ఆగమని చెప్పే చిన్న గుర్తు మీద వేలు పెట్టారు.

“ఇది చూసేవా? ఇక్కడ ఆగాలి. ఆగడం కూడా చదవడమేనమ్మా. ముందు ఊపిరి తీసుకో.”

“బళ్లో ఆ... ఆగితే నవ్వేరు ఖాలా.”

“వాళ్లకింకా వినడం రాలేదు తల్లీ. వస్తుందిలే.”

ప్రవక్తగారు పుట్టిన నెలలో వాళ్లింట ఆడవాళ్ల సభ జరిగింది. ఖాలా నన్ను చదవమన్నారు. సగంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఇల్లంతా ఆడవాళ్లే, అయినా చీర చెరగు సర్దుకున్న చప్పుడైనా లేదు. విసురుకుంటున్న ఒక ముసలావిడ విసనకర్ర ఒళ్లో పెట్టేసుకుంది. ఊపిరి తీసుకున్నాను. మాట వచ్చింది. అయిపోయాక ఆ ముసలావిడే నా తల నిమిరి, “మాషా అల్లా, ఎంత నిదానంగా చదివేవే!” అంది. నా నిదానాన్ని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ వారమే బడికి వెళ్లాను. నత్తి పోలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు కూడా. అయినా పాఠం చివరిదాకా చదివాను.

అంత నిష్ఠగా ఉండే వీధిలో ఎలా పెరిగావని స్నేహితులు అడుగుతుంటారు. కొన్ని కట్టుబాట్లు నాకూ విసుగు తెప్పించాయి, ఇంట్లో వాదించాను, అలిగాను. కానీ నమాజుకు పిలిచే అజాన్ వినబడగానే కుట్టుమిషన్ ఆపి, బేరం ఆపి లేచే మనుషుల మధ్య పెరిగాను. రోజుకు ఐదుసార్లు పని పక్కనపెట్టగలిగిన వాళ్లకు, ఒక పిల్ల నోట మాట వచ్చేదాకా కూర్చోవడం కష్టమనిపించలేదు. ఖాలా ఇప్పుడు లేరు. ఆవిడ వల్లే చదవగలిగానని చెప్పి కృతజ్ఞత తెలుపుకోవాలన్న ఊహ నాకు ఆలస్యంగా వచ్చింది. అందుకే నమాజు అయ్యాక అల్లాను వేడుకునే నా దువాలో ఆవిడ పేరు తప్పకుండా ఉంటుంది.

ఈ ఏడాది కాట్రేనికోన నుంచి వచ్చే ఒక అమ్మాయి పద్యం చదువుతూ మధ్యలో ఆగిపోయింది. వెనక బెంచీలో నవ్వు మొదలైంది. నేను అటు ఒక్కసారి చూసి, పుస్తకం మూసి ఆమె వైపు తిరిగి కూర్చున్నాను. గది సద్దుమణిగింది. కాసేపటికి ఆమె తనంతట తానే పద్యం పూర్తి చేసింది. గంట కొట్టాక నా దగ్గరికి వచ్చింది.

“ఆగిపోయిన మాట మీరు అందిస్తారేమో అనుకున్నానండీ మేడమ్.”

“నీ నోటి మాట నేనెందుకు లాక్కుంటానమ్మా?” అన్నాను.