ఉమాదేవి గీజరు

కొత్తపేట అవతల కొబ్బరితోటల మధ్య ఉన్న ఆ మేడ ఇంట్లో పొయ్యిలోకి కరువంటే ఎవరైనా నవ్వుతారు. పెరట్లో ఎటు చూసినా ఎండు మట్టలు, కాయలు వలిచిన డొక్కలు. వాటిని మండించి, పెద్ద కాగు ఎక్కించి, ఇంటిల్లిపాదికీ స్నానాల నీళ్ళు కాచడం చిన్నకోడలు ఉమాదేవి పని. ఎవరు చెప్పారట? ఎవరూ చెప్పలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు కాచింది, అంతే, అది ఆవిడ పనైపోయింది. పద్దెనిమిదేళ్ళు కాచింది. డొక్క కాస్త తడిగా ఉందంటే ఆ పొగకి కళ్ళూ ముక్కూ ఏకమైపోతాయి.

పొగ పీల్చి పీల్చి ఉమాదేవి ఊపిరి పాడైంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అమలాపురం డాక్టరు గుండెల మీద గొట్టం పెట్టి విని, "మళ్ళీ పొగ దగ్గర కూర్చుంటే ఇంక నా దగ్గరకి రాకండమ్మా, నేను చేసేదేం లేదు" అని కసిరాడు. కువైట్‌లో కారు నడిపే మొగుడు అంజిబాబు ఆ మాట ఫోన్లో విని భయపడ్డాడు. ఎప్పుడూ లేనిది, వారం తిరక్కుండా డబ్బు పంపి పెరట్లో స్నానాలగదికి గీజరు పెట్టించాడు.

ఇల్లంతా సంబరపడింది. మేడ మీద కాపురముండే బావగారు కాశీవిశ్వనాథం, తోడికోడలు సువర్ణ, వాళ్ళ పిల్లలిద్దరూ రెండుపూటలా వేడినీళ్ళే. స్నానం చేసేటప్పుడు అది ఇంటి గీజరు. బిల్లు కాగితం చేతికొచ్చిన రోజున మాత్రం అది ఉమ గీజరు! "నీ గీజరు మీటరుని గిర్రున తిప్పేస్తోందే" అనేది సువర్ణ, తల తుడుచుకుంటూ. మరి మేడ మీద రాత్రంతా ఆడే ఏసీ మాటో? దాని ఊసు ఎవరూ ఎత్తరు. ఏసీకి కరెంటు అక్కర్లేదు కాబోలు!

డబ్బుతో పోయేదైతే ఉమాదేవి నోరు మూసుకుని ఊరుకునేది. కానీ ఆ ఇంటికి ఉన్నది ఒకటే మీటరు, అదీ అత్తగారు సావిత్రమ్మ పేరున. ఓ నెల ఆవిడకి సర్కారు ఇచ్చే పింఛను రాలేదు. ఊరి సచివాలయంలో పనిచేసే పద్మశ్రీ ఇంటికి వచ్చి నెమ్మదిగా చెప్పింది.

"మీ మీటరు మీద నెలకి మూడువందల యూనిట్లు దాటిపోతున్నాయండి, అమ్మమ్మగారూ. అలా దాటితే పింఛను ఇవ్వరండి, అందుకే ఆగిపోయిందండి. ఏడాది సగటు తీస్తారండి. వాడకం తగ్గితే మళ్ళీ పెట్టుకోవచ్చండి."

"అంటే ఏడాది ఆగాలా అమ్మా?"

"ఆయ్, ఇంచుమించు అంతేనండి."

పింఛను రోజంటే సావిత్రమ్మకి పండగ. తెల్లారకుండానే తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వీధి అరుగు మీద కూర్చునేది. ఆ డబ్బుతో తన మాత్రలు తనే తెప్పించుకునేది, మనవలకి జీడిపప్పు పాకం కొనేది, వాడపల్లి వెంకన్నకి ముడుపు కట్టేది. కొడుకుల ముందు ఏనాడూ చెయ్యి చాపలేదు. ఆ రోజు మాత్రం అన్నం కలిపి, తినకుండానే చెయ్యి కడిగేసుకుంది. ఆ కంచం తియ్యడానికి ఉమాదేవికి మనసు రాలేదు. రాత్రిళ్ళు తనకి ఊపిరాడకపోతే పక్కన కూర్చుని వీపు రాసింది ఆ మనిషే మరి.

"గీజరు కట్టేస్తే సరిపోద్ది. దీనికింత ఆలోచనెందుకు?" అని తేల్చేశాడు కాశీవిశ్వనాథం.

ఉమాదేవి తలుపు చాటునుంచే ధైర్యం చేసింది. "మేడ మీదకి వేరే మీటరు పెట్టిస్తే బాగుంటదేమోనండి, బావగారూ."

"ఏమ్మా, అమ్మ బతికుండగానే మీటరు విడగొట్టమంటావా? గోడకి రెండు మీటర్లు కనపడితే అన్నదమ్ములు వేరుపడ్డారనరా ఊళ్ళో? నా తల ఎక్కడ పెట్టుకోమంటావు?"

తల్లి ఉండగా పొయ్యి వేరుచెయ్యడం ఎంత తప్పో, ఆ ఊళ్ళో మీటరు వేరుచెయ్యడమూ అంతే తప్పు. సావిత్రమ్మ కూడా తల వంచుకుంది.

రాత్రి అంజిబాబుకి ఫోన్ చేస్తే, "అన్నయ్యే కదే నన్ను ఇక్కడికి పంపించేడు. ఆయనకి ఎదురెలా చెప్పను? ఏడాదే కదా, ఎలాగోలా సర్దుకో" అన్నాడు. ఏడాదే కదా! అక్కడ కూర్చుని అనడానికేం, ఊపిరి ఆయనది కాదుగా. ఉమాదేవికి ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. సఖినేటిపల్లి వెళ్ళిపోదామా అంటే పుట్టిల్లు రెండు గదులు. పైగా మోకాళ్ళు పట్టేసిన అత్తగారిని ఎవరికి అప్పగించి వెళ్తుంది? లేచి పెరట్లోకి వెళ్ళి గీజరు స్విచ్చి కట్టేసింది. తెల్లారి మళ్ళీ కాగు ఎక్కిద్దాం, చస్తే చద్దాం అనుకుంది.

తెల్లవారుజామున పొగ వాసనకి మెలకువ వచ్చింది. కిటికీలోంచి చూస్తే పొయ్యి ముందు పీట వేసుకుని సావిత్రమ్మ! డొక్కలు ఎగదోస్తూ, గొట్టంతో ఊదుతోంది.

"అయ్యో, మీరెందుకండి అత్తయ్యగారూ! లెండి, నేనొస్తున్నాను."

"గడప దాటేవంటే ఊరుకోను! నా పింఛను కోసం నీ ఊపిరి తీస్తాననుకున్నావా? ఈ ఏడాదీ నేనే కాస్తాను. నువ్వు హాయిగా లోపల పడుకో."

పింఛను ఆగినప్పటినుంచి ఆ మొహంలో అంత కళ ఉమాదేవి చూడలేదు. ఇంతలో సువర్ణ బకెట్టు పట్టుకుని మేడ దిగి వచ్చింది. "నీళ్ళు కాగేయా అత్తయ్యా? పిల్లలకి స్కూలు టైమవుతోంది" అంది. సావిత్రమ్మ మరో నాలుగు డొక్కలు పొయ్యిలో వేసింది.

అన్నీ తడి డొక్కలే. పొయ్యి ఉన్నది సరిగ్గా ఉమాదేవి కిటికీ కింద. పొగంతా తిన్నగా ఆవిడ గదిలోకే వస్తోంది. కిటికీ రెక్కలు మూసేసినా సందుల్లోంచి వస్తూనే ఉంది. ఉమాదేవి మంచం అంచున కూర్చుని పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

"పొగేమన్నా వస్తోందేమే నీకు?" అని బయటనుంచి కేకేసింది ముసలావిడ, ఆదుర్దాగా.

ఉమాదేవి దగ్గు మింగి, గొంతు సవరించుకుంది.

"లేదండి అత్తయ్యగారూ. ఏం రావట్లేదండి."